దొరసాని గంటకి నాలుక లేదు

గురూ, ఇది నువ్వు నమ్మవు. ముందే సెప్పీస్తన్నాను. గంగమ్మ తల్లి మీద ఒట్టేసినా నమ్మవు, నడి సముద్రంలో పీకల్లోతు నిలబడి సెప్పినా నమ్మవు. నమ్మమని నాను నీ కాళ్ళు పట్టుకోటం లేదు. ఇను. అంతే.

భీమిలి దాటి ఒడ్డమ్మటే ఎల్తే మా గవ్వలపాలెం వొత్తాది. పాలేనికి ఉత్తరాన ఇసకదిబ్బ. దిబ్బ మీద సరుగుడు తోట. తోట మజ్జిన దొరల సర్చి. రాతి గోడలు, మొన దేలిన సన్నపాటి కిటికీలు, పక్కన తాటిసెట్టుని మించిన గంటగూడు.

పొద్దు గూకితే అటేపు కుక్క కూడా ఎల్లదు. పగలెల్లిన కుక్క పొద్దు గూకేలోగా ఒచ్చీస్తాది.

ఎందుకంటావా? అక్కడ గంట మోగుద్ది. ఏడాదికి నాలుగైదు సార్లు. ఒక్క దెబ్బ. టంగ్… అంతే.

ఓస్, సర్చి అన్నాక గంట మోగదేటి అంటావు. ఆగు మరి.

ఆ గంటకి నాలుక లేదు.

లోపల ఏలాడాల్సిన ఇనప నాలుకని ఎవుడో ఊడబీకి పట్టుకుపోయి డెబ్బయ్యేళ్ళు. వట్టి డొల్ల. నీ బుర్రనుకో. అయినా మోగుద్ది. నీ బుర్రకన్నా నయం కదా.

"నా గంట నాలుకేదిరా…" అని దొరసాని తెల్లగౌనేసుకోని ఆ సుట్టుమెట్ల మీద ఎతుకుతాదని పాలెంలో సెప్పుకుంటారు. ఏదో ఒకనాటికి దొంగ గుమ్మం ముందుకొచ్చి ఆగుద్దంట.

ఆ దొంగెవుడో పాలెంలో సేపల ఏటకెల్లే వరహాలు ఒక్కడికే తెలుసు. ఆడి సొంత తాత.

ఏటి సేత్తాడు పాపం, పడవకి లంగరు లేదు. తొమ్మిది కేజీల ఇనుము గాల్లో ఊరికే ఏలాడతంటే మనసు ఊరుకోదు కదా. తాత నుంచి నాన్న, నాన్న నుంచి వరహాలు… మూడు తరాలుగా దొరసాని నాలుక సముద్రంలో నాన్తంది. ఇంటికొచ్చినాక గోనిసంచిలో సుట్టి మంచం కింద ఎడతాడు. మంచం మీద పడుకోని దొరసానికి బయపడతాడు.

ఈ సర్చి పుట్టుక కూడా సెప్పాల. నూట డెబ్బయ్యేళ్ళ కిందటి మాట. ఓడల యాపారం సేసే దొర ఒకడుండీవోడు. ఆడికి సొంతూరి మీద బెంగ. ఇంగ్లండులో ఏదో మూల పల్లెటూరంట ఆడిది. గొర్రెలు, వాన, ఒక బుల్లి సర్చి… ఇంతే ఊరంటే. అచ్చం అలాటి సర్చే ఇక్కడా కావాలని పట్టు పట్టేడు. కాగితం మీద బొమ్మ గీసిచ్చేడు.

గోడలు బాగానే లేసేయి. బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం, కోడిగుడ్డు సొన కలిపిన సున్నం. మూరన్నర మందం. కిటికీలంటావా, పిల్లి దూరాలన్నా పక్కకి తిరగాల. ఆడి ఊళ్ళో సలిగాలి లోపలికి రాకుండా అలా కట్టుకుంటారంట. మన వైశాకంలో అందులో కూకుంటే ఇడ్లీ కుండలో కూకున్నట్టే.

పేచీ ఎక్కడొచ్చిందంటే, కప్పు దగ్గర. ఆడి ఊళ్ళో మంచు పడుద్దంట. జారిపోటానికి కర్రకప్పు రెండేపులా నిట్రంగా వాలు కట్టుకుంటారంట. ఇక్కడ జారటానికేటుంది, సెమట తప్ప? అంత వాలు కప్పు మన వడ్రంగులకి తెల్దు. దాంతో పడవలు కట్టీవోళ్ళని పిలిసేరు.

మనోళ్ళు కాగితం తిరగేసి పట్టుకున్నారు.

ఎలా పట్టుకుంటే ఏటి, సదవొచ్చేటి? తిరగేసి సూత్తే అది పడవ గురూ! కింద ఎన్నెముక, అటూ ఇటూ పక్కటెముకలు, ఒంపు తిరిగిన పక్కలు. "ఓస్, ఇంతేనా" అనుకున్నారు. ఆర్నెల్లలో అరవై అడుగుల పడవ కట్టీసేరు. ఒక్క మేకు లేదు. పలకా పలకా కొబ్బరితాడుతో కుట్టుడే కుట్టుడు. ముక్కుకి పసుపు రాసి, కుంకం ఎట్టి, గంగమ్మకి కోడిని కోసి, కూర కూడా తినీసేరు.

దొరొచ్చేడు. కాగితం సూసేడు. పడవ సూసేడు. మళ్ళీ కాగితం సూసేడు. టోపీ తీసి నెత్తి గోక్కున్నాడంట.

"ఎత్తి బోర్లించండి" అన్నాడు.

ఇప్పటికీ ఆ సర్చిలో నిలబడి తలెత్తితే బోర్లాపడిన పడవ కింద ఇరుక్కున్నట్టే ఉంటాది. గాలొస్తే కిర్రు… కిర్రు… అంటాది. కట్టిన పడవని నీళ్ళకి సూపించకపోతే అది ఏడుత్తాదని మనోళ్ళ నమ్మకం. నూట డెబ్బయ్యేళ్ళుగా ఏడుత్తంది.

తరవాత దొర మాయమైపోయేడు. దొరసానే సంపీసి గోడలో ఎట్టి సున్నం కొట్టీసిందని మా ముసిలమ్మలు సెప్తారు. ఆ గంటగూడు కట్టించింది దొరసానే. సర్చేమో ఇంత, గూడేమో అంత. కోడిపిల్లకి ఒంటె మెడ అతికించినట్టు! దాని నెత్తి మీద మళ్ళీ గాలికి తిరిగే ఇనప పుంజొకటి. పుంజుని సూసి, దొరలు కూడా పందేలు కాత్తారని మనోళ్ళు సంబరపడ్డారంట.

ఎందుకంత ఎత్తు కట్టిందో ఎవుడికీ తెల్దు. లోపల గోడకి ఒక నల్లరాతి పలక ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఏటో సెక్కేరు. ఉప్పుగాలికి అరిగిపోనాది. అది దెయ్యాన్ని కట్టీసిన మంత్రం అనుకోని మనోళ్ళు దాని జోలికెల్లరు.

ఇంక వరహాలు సంగతి. యాబయ్యైదేళ్ళు, బొద్దు మీసాలు, మాటకి ముందు గొప్ప. పాలెంలో అందరికీ సేపలు పడనినాడు ఆడికి కోనాం పడతాది. ఎక్కడ పట్టేవు బావా అని అడిగితే తూర్పుకి ఎల్లినోడు దక్షిణం అంటాడు.

ఆడికో బండ ఉంది గురూ. నీళ్ళ కింద మునిగిన బండ. సేపలకి అది కాపరం. తాత సచ్చిపోతా కొడుకు సెవిలో ఊదేడు, ఆ కొడుకు సచ్చిపోతా వరహాలు సెవిలో ఊదేడు. సముద్రం మీద ఎనక్కి తిరిగి సూడాల. దూరంగా రెండు కొండలుంటాయి. ఆ రెండు కొండల సందు ఒచ్చి గంటగూడు నెత్తి మీద కూర్చోవాల. ఆ గీత తప్పకండా రెండు కోసులు లోపలికెల్లి, తాడుకి గుండు కట్టి ఒదిల్తే… మూడు బారలకే టక్కుమంటాది. అదే బండ.

"ఆ బండేదో జీపీయస్సులో కొట్టించుకుంటే పోద్ది కదా" అని పెళ్ళాం అప్పాయమ్మ వందసార్లు సెప్పింది.

"కొట్టీవోడికి తెలిసిపోదేటే?"

"నువ్వే కొట్టుకో."

"నాకు రాదు."

అయితే ఒకటుంది. ఒక్కోరోజు ఎల్లేసరికి బండ మీద సేప ఉండదు. ఎవుడో ముందే ఊడ్సీసినట్టు. మడిసి జాడ ఉండదు, పడవ జాడ ఉండదు. దొరసానే తినీసుంటాదని వరహాలు సరిపెట్టుకునీవోడు. నాలుక తీసుకున్నాం, సేపలు తిననీ అనుకునీవోడు.

అలాటోడి నెత్తిన పిడుగు పడినాది.

సర్చి పెద్దలు ఊళ్ళో కొత్తది కట్టుకోని నలబయ్యేళ్ళు. పాతదాని రాళ్ళు రాల్తన్నాయి, ఎవుడి నెత్తి మీదైనా పడితే మాకెందుకని గంటగూడు కూల్చీమన్నారు. ఆదివారం సాయంత్రం పసుపుపచ్చ పొక్లైన్ ఒచ్చి దిబ్బ కింద ఆగింది. తోలీవోడు తిరుమలరావు, అచ్యుతాపురం నుంచి ఒచ్చేడు. సోమవారం పొద్దున్న ఏడింటికి పని.

గూడు పోతే గీత పోద్ది. గీత పోతే బండ పోద్ది. బండ పోతే వరహాలు కూడా అందరిలాటోడే. ఆ మాట అనుకునేసరికి ఆడికి అన్నం దిగలేదు.

ఆలోసించేడు. పొక్లైనుని ఆపాలంటే ఎమ్మెల్లే కావాల, నీకు నాకు ఆడు దొరకడు. తోలీవోణ్ణి ఆపాలంటే దెయ్యం సాలు. గంటకెలాగూ సెడ్డపేరుంది. రేత్రి ఎల్లి నాలుగు దెబ్బలు ఏస్తే తిరుమలరావు తెల్లారేసరికి అచ్యుతాపురంలో ఉంటాడు. నాలుక మన మంచం కిందే ఉంది.

"ఏటే, తెల్లకోకేదైనా ఉందేటి?" అన్నాడు పెళ్ళాంతో.

"ఎందుకూ?"

"పనుంది."

"నాను తెల్లకోక కట్టాలంటే ముందు నువ్వు పోవాల. పోయొచ్చి అడుగు, ఇస్తాను."

"అది కాదే…"

"దోమతెరుంది, అది పట్టుకుపో. తెల్లారేసరికి తెచ్చి కట్టకపోతే దోమలు నన్ను తినవు, నాను నిన్ను తింతాను."

అదీ గురూ దెయ్యం ముస్తాబు. నెత్తి మీంచి దోమతెర, సంకలో తొమ్మిది కేజీల నాలుక.

అమాస ఎల్లి రెండ్రోజులు. ఎన్నెల లేదు. సరుగుడాకుల మీద గాలి ఊఁ… ఊఁ… అంటంది. పొక్లైన్లో తిరుమలరావు గురక పెడతన్నాడు, ఒళ్ళో ఫోను పాడతంది. వరహాలు ఆణ్ణి దాటి, సమాది రాళ్ళని దాటి, గంటగూడు కిందున్న సిన్న తలుపు నెట్టేడు.

కిర్రు…

తలుపు కాదు. లోపల కప్పు. బోర్లాపడిన పడవ.

మెట్లు ఎక్కటం మొదలెట్టేడు. సుట్టు మెట్లు. గోడకీ గోడకీ మజ్జిన మడిసి అడ్డంగా పట్టడు. దొరలు ఎలా ఎక్కేరో మరి, పొట్టలతో. గబ్బిలాల కంపు. దోమతెర ప్రతి మెట్టుకీ తగులుకుంటంది. ఐదు… పది… పదిహేను… నాలుకని గుండెలకి అదుముకోని లెక్కెట్టుకుంటన్నాడు. ఇరవై ఒకటి… ఇరవై రెండు…

టంగ్…

వరహాలు కాలు గాల్లో ఉండిపోయింది.

గంట మోగింది. పైన. తన నెత్తి మీదే.

నాలుకేమో… తన సేతిలో ఉంది.

ఒకసారి తడుముకున్నాడు. ఉంది. సల్లగా, బరువుగా, తుప్పు రాల్తా. మరి గంట దేంతో మోగింది?

టంగ్… మళ్ళీ.

నాలుకని ముందుకి సాపేడు. గుసగుసగా అన్నాడు.

"అమ్మా… దొరసానమ్మా… నీ నాలుక ఇదిగో తల్లీ… తీసింది నాను కాదు… మా తాత… ఆడు శుద్ద ఎదవ…"

పైన అడుగు సప్పుడు ఆగింది. ఊపిరి సప్పుడు ఇనబడతంది.

"ఎ… ఎవుర్రా అది?" అంది పై నుంచి గుసగుస.

దొరసానికి తెలుగొచ్చని వరహాలుకి అప్పుడే తెలిసింది.

సీకట్లోంచి ఒక మొకం దిగుతంది. తెల్లటి మొకం. వట్టి మొకమే, కింద ఒళ్ళు లేదు. దానికీ వరహాలు అగుపడినట్టున్నాడు… మెట్టు మీద తెల్లగా, తల లేకుండా, గాలికి ఊగతన్న ఆకారం. ఆ మొకం "ఓలమ్మో!" అంది. వరహాలు "ఓరి నాయనో!" అన్నాడు. ఒకడి మీద ఒకడు పడి, ఇరవై రెండు మెట్లూ ఎనక్కి దొర్లుకుంటా ఒచ్చి, దోమతెరలో మూటకట్టినట్టు కింద పడ్డారు.

పడినాక మూటలోంచి పొగసుట్ట కంపు కొట్టింది. వరహాలుకి ఎరికైన కంపు.

"జగ్గారావు?"

"బావా?"

జగ్గారావంటే అప్పాయమ్మ తమ్ముడు. వరహాలుకి సొంత బావమరిది. ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. నా సేపల జాగా ఎతుకుతా నా పడవ ఎంట పడతన్నావని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోని ఇడిపోయేరు. మొకానికి సున్నం పూసుకోని, ఒంటికి నల్ల సొక్కా తొడుక్కోని, ఇనప కడ్డీతో గంటని బాదతన్నది ఆడే.

"నీకేటి పని ఇక్కడ?" అన్నాడు వరహాలు.

"నీకేటి పని?"

"నాను… దేవుడికి దండం ఎట్టుకుందారని…"

"దోమతెరేసుకోనా?"

"నువ్వు సున్నం ఎందుకు కొట్టించుకున్నావ్? పండక్కా?"

జగ్గారావు మెల్లిగా అన్నాడు. "ఈ గూడు పడిపోకూడదు బావా. ఎందుకని అడక్కు."

వరహాలుకి ఒకటే అనుమానం. గొంతు తగ్గించేడు.

"రెండు కొండల సందు…"

జగ్గారావు నోరు తెరుసుకోని సూసేడు.

"…గూడు నెత్తి మీద కూర్చోవాల" అన్నాడు.

"రెండు కోసులు…"

"మూడు బారలకి టక్కుమంటాది."

ఇద్దరూ సల్లబడిపోయేరు. మూడు తరాల గుట్టు. వరహాలు తెల్లారగట్ట ఎల్తాడు, జగ్గారావు సాయంత్రం ఎల్తాడు. ఇన్నేళ్ళూ దొరసాని తినీసిందనుకున్న సేపలన్నీ ఎవుడి పొట్టలోకెల్లేయో వరహాలుకి ఇప్పుడు తెలిసింది. ఆ పొట్ట ఎదురుగానే ఉంది, సున్నం మరకలతో.

"నీ సిగ్గు దియ్య… మా తాత సెప్పిన బండరా అది!"

"మా తాతా సెప్పేడు!"

గొంతులు పట్టుకునీవోళ్ళే. అప్పుడు ఎలుగొచ్చింది.

సర్చి లోపల్నుంచి. నేలబారుగా, గోడ మీద పాకతన్న ఎలుగు. ఆ ఎలుగు ముందు తెల్లగా, పొడుగ్గా ఏదో ఏలాడతంది. దాని ఎనక నీడ మోకాళ్ళ మీద కూకోని ఉంది. సన్నగా ఆడగొంతు. ఇంగ్లీషు.

"బావా…" అన్నాడు జగ్గారావు, పట్టుకున్న గొంతు వదిలీసి ఆ సెయ్యే పట్టుకోని. "మనిద్దరం ఇక్కడున్నాం. మరి ఆవిడెవులు?"

పారిపోదారంటే పెద్దతలుపు ఆ ఎలుగు దాటి ఉంది. సిన్న తలుపంటావా, దొర్లినప్పుడు ఈళ్ళే గుద్ది మూసీసేరు, బయట గెడ పడిపోయింది. గోడకి ఆనుకోని ఒకడెనక ఒకడు పాకేరు. ముందెవుడు ఎల్లాలో అక్కడ కూడా తగువే.

నీడ తల తిప్పింది.

"ఆ గంట మీరేనా కొట్టింది?" అంది తెలుగులో. "ఇంక కొట్టకండి. సున్నం రాలి కాగితం పాడైపోతోంది."

ఇరవై ఐదేళ్ళ గుంట. జీనుప్యాంటు, నుదుటి మీద సెమట, సేతిలో టార్చిలైటు. గోడకున్న నల్లరాతి పలక మీద తెల్లకాగితం అతికించి, బొగ్గుముక్కతో రుద్దతంది. పేరు హిమబిందు. మదురవాడలో పాత కట్టడాల కొలతలు తీసే ఆఫీసు. కూల్చేలోగా దీని బొమ్మలన్నీ గీసిమ్మని పంపేరంట. అరిగిపోయిన అక్షరాలు పగలు కనబడవంట, రేత్రి పూట పక్క నుంచి లైటు ఏస్తేనే లేసొస్తాయంట. అందుకని ఒక్కత్తీ కూకుంది. మనోళ్ళు పొద్దు గూకితే అడుగెట్టని జాగాలో.

వరహాలుని కింద నుంచి పైదాకా సూసింది.

"దోమతెర తెచ్చుకోవడం మంచిపని బాబాయ్. ఇక్కడ దోమలు పీకేస్తున్నాయి. కాస్త ఆ అంచు పట్టుకోండి, జారిపోతోంది."

ఇంకేటి సేత్తారు? రెండు దెయ్యాలూ సెరో అంచూ పట్టుకున్నాయి.

"ఏటి రాసుంది తల్లీ? మంత్రమా?" అన్నాడు జగ్గారావు.

"మంత్రం కాదు. దొరసాని రాయించింది." టార్చిని పక్కకి వాల్చి ఒక్కో ముక్కా తెలుగు సేసి సదివింది. "'సముద్రం మీద పోయే ప్రతి ఒక్కరికీ… రెండు కొండల సందు ఈ గంటగూడు మీద కూర్చున్నట్టు కనబడితే ఆగండి. ఆ గీత మీద, ఒడ్డుకి రెండు కోసుల దూరంలో…'"

జగ్గారావు కాగితం ఒదిలీసేడు.

"'…మూడు బారల లోతులో బండ ఉంది. నా భర్త ఓడ దాని మీదే పగిలింది. ఆయన, పదకొండు మంది మనుషులు అక్కడే ఉన్నారు. ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదని ఇంత ఎత్తున కట్టించాను. ఆ ఓడ గంటని ఈ పాలెం మనుషులు ఇద్దరు మునిగి పైకి తెచ్చారు. వాళ్ళ మేలు మరవను.'"

పైన కప్పు కిర్రు… మంది.

ఇద్దరు. మునిగి తెచ్చినోళ్ళు ఇద్దరు. ఒకడు ఈడి తాతకి తాత, ఒకడు ఆడి తాతకి తాత. అదీ లెక్క.

"అంటే బావా…" అన్నాడు జగ్గారావు నీరసంగా. "మనం సచ్చినా సెప్పకూడదనుకున్న గుట్టు… గోడ మీద రాసీ ఉందేటి? ఇన్నాళ్ళూ?"

"కొడుకుని కూడా దూరంగా తీసుకెల్లి సెవిలో సెప్పేడ్రా మా నాన్న" అన్నాడు వరహాలు. ఏడుపొక్కటే తక్కువ.

హిమబిందు ఇద్దర్నీ సూసింది. కళ్ళు మెరిసేయి. తెలివైన గుంట.

"ఆగండాగండి. మీరు ఇప్పటికీ ఈ గుర్తు చూసుకునే వెళ్తారా?"

ఇద్దరూ నేల సూపులు సూసేరు.

"బాబాయ్, నిజం చెప్పండి. ఇది వట్టి పాత గోడైతే పొద్దున్నే పోతుంది. ఇప్పటికీ పడవలకి దారి చూపించే గుర్తని ఎవరైనా వేటకెళ్ళే మనిషి కాగితం మీద చెప్తే, ఈ పలకతో కలిపి ఇప్పుడే పైకి పంపిస్తాను. ఏడింటిలోపు ఆపిస్తాను. కానీ…"

"కానీ?"

"బండ ఎక్కడుందో అందులో రాయాలి. పేపర్లో కూడా వస్తుంది."

అదీ గురూ ఇరకాటం. సెప్పకపోతే గూడు పోద్ది, దాంతో బండా పోద్ది. సెప్తే గూడుంటాది, గుట్టు పోద్ది. రేపట్నుంచి మరపడవలన్నీ బండ మీదే ఉంటాయి. వరహాలు పలకని సూసేడు. పలక మీద పన్నెండు మంది సచ్చిపోయిన మాట ఉంది. ఆ ఆడమనిషి మొగుణ్ణి పోగొట్టుకోని, ఊరందరికీ సెప్పాలని ఇంతెత్తు కట్టింది. తాము అదే సంగతి సెవుల్లో దాసుకోని తిన్నారు. పైపెచ్చు ఆవిడ గంట నాలుక కూడా లంగరేసుకున్నారు.

"సంతకం రాదు తల్లీ" అన్నాడు. "ఏలిముద్ర ఏస్తాను."

"బావా!" అన్నాడు జగ్గారావు.

"నువ్వూ ఎయ్యరా. ఎలాగూ సగం నువ్వే తిన్నావ్."

బొగ్గు రాసుకోని ఏలు కాగితం మీద పెట్టేడు. నాలుక ఆడి కాళ్ళ దగ్గరే ఉంది. కడ్డీ మెట్ల కిందే పడుంది. జగ్గారావు ఏలు కూడా దింపుతన్నాడు…

అప్పుడే పెద్దతలుపు కాడ తిరుమలరావు కనబడ్డాడు. ఫోను లైటు ఏసుకోని, కళ్ళు నలుపుకుంటా. "ఏటండీ ఈ గోల, ఇందాకట్నుంచి గంట…"

టంగ్…

నలుగురూ తలెత్తేరు.

తిరుమలరావు ఒక్కొక్కళ్ళ మీదా లైటేసి లెక్కెట్టేడు. దోమతెరోడు. సున్నం మొకమోడు. గుంట.

"మీరంతా ఇక్కడే ఉంటే…" అన్నాడు గుసగుసగా. "పైనెవులు?"

జవాబు కోసం ఆగలేదు. సెప్పులు అక్కడే, మడిసి తగరపువలస రోడ్డెక్కీసేడు. ఆ పొక్లైన్ తాళాలు రెండ్రోజులు దానికే ఉన్నాయి.

వరహాలు నాలుక సంకనెట్టుకున్నాడు. "ఎక్కడికి బావా?" అంటే, "ఇచ్చీసొస్తాను" అన్నాడు. ఒక్కడే ఎక్కేడు. ఈసారి మెట్లు లెక్కెట్టలేదంట.

పైన ఎవుల్లేరు. గంట మాత్రం సన్నగా ఊగతంది. సెయ్యేస్తే తడి. ధారగా కారతంది, కింద పలకల మీద మడుగు కట్టింది. ఏలు నోట్లో ఎట్టుకున్నాడు.

ఉప్పు.

నాలుక కొక్కేనికి తగిలించి, దానికున్న లంగరుతాడే కోసి గట్టిగా బిగించి కట్టేడు. "మా తాత ఎదవ తల్లీ. నాను కూడా" అనీసి దిగొచ్చేడు.

గూడు పడలేదు. నిలబడీ ఉంది. పేపర్లో పడినాది, మరపడవలన్నీ జీపీయస్సులు పట్టుకోని బండ మీదకి ఎగబడ్డాయి. వలలు ఆ రాళ్ళకి తగులుకోని సిరిగి పీలికలైపోయి, నెల తిరిగేసరికి ఒక్కడూ రాలేదు. ఏ పోటుకి ఏ పక్క గాలం ఒదలాలో పలక మీద దొరసాని రాయలేదు కదా. ఇప్పుడు బావా బావమరుదులు ఒకే పడవలో ఎల్తన్నారు. కొత్త లంగరు అప్పాయమ్మ కొంది. దోమతెర సిరిగినందుకు ఇంకా తిడతానే ఉంది.

ఇదంతా ఒకెత్తు. అసలు సంగతి ఇంకోటుంది.

నాలుక లేనన్నాళ్ళూ మోగిన గంట… నాలుక కట్టిన రేత్రి నుంచి మోగలేదు గురూ. గాలికి మోగలేదు. తుఫానుకి మోగలేదు. మొన్న క్రిస్మస్సుకి సర్చి పెద్దలొచ్చి తాడుచ్చుకోని లాగేరు. నాలుక ఎల్లి గంటకి తగుల్తంది, కళ్ళారా సూసేరు. సప్పుడు లేదు. దూదికి దూది తగిలినట్టు.

నవ్వుతన్నావా? నవ్వు. రేపు నాతో రా. టిఫినీ నాదే. నలబయ్యొక్క మెట్లెక్కు, ఆ నాలుక రెండు సేతుల్తో పట్టుకో, నీ బలమంతా ఏసి కొట్టు. ఒక్కసారి… ఒక్కసారి టంగ్ మనిపించు సూద్దాం. మనిపించేవంటే, పాలెం మజ్జిన నిలబడి ఈ మీసం నీ సేతే తీయించుకుంటాను.

ఏటి, ఎల్దామా?